గ్యారేజీలో వానొచ్చింది!

జూలై నెల. కాలిఫోర్నియా. ఆకాశంలో మబ్బన్నది మచ్చుకైనా లేదు. అక్కడ మే నెలలో మొహం చాటేసిన వాన మళ్ళీ చలికాలం ముందుగానీ కనబడదు. అలాంటి చోట, రాత్రి తొమ్మిది గంటలవేళ, నేనొక రేకుల కప్పు కింద కూర్చుని టపటపమని పడుతున్న వాన చప్పుడు వింటూ వేయించిన సెనగలు నములుతున్నాను. చుట్టూ వెదురు తడికెలు. తలమీద పీచుతాడు వలలో వేలాడుతున్న ఎర్రదీపం. ఎక్కడో దూరాన పిట్ట కూత.

నమ్మరు కదూ? ఏ సినిమాలో సీను అని అడుగుతారు. సినిమా కాదండీ! అది మా బావగారి మోటారు కార్ల గ్యారేజి. కారు పాపం బయట ఉంది.

ఈ వారం తారల కబుర్లు కాస్త పక్కన పెట్టి ఆ గ్యారేజి కథ చెబుతాను. కోప్పడకండి. ఇందులోనూ హాలీవుడ్డుంది, ఎల్విస్ ప్రెస్లీ ఉన్నాడు, సెట్టింగులున్నాయి. చివర్లో చిన్న క్లైమాక్సు కూడా ఉంది. అందులో విలన్ నేనే!

కారు బయటికి, కలప లోపలికి

మా అక్కయ్యా బావగారూ శాన్‌ఫ్రాన్సిస్కోకి సుమారు గంట దూరంలో ఫ్రీమాంట్‌లో ఉంటారు. అక్కయ్య నర్సు. బావగారు కంప్యూటర్ల మనిషి. 2023లో అక్కడి కంపెనీలు వరసబెట్టి మనుషుల్ని తీసేశాయి చూడండి, ఆ వరసలో మా బావగారి ఉద్యోగమూ ఊడింది. పదహారేళ్ళ సర్వీసు ఒక ఉత్తరంముక్కతో సరి! మొదటి రెండు నెలలూ దరఖాస్తులు పెట్టారు. మూడో నెల నుంచి సోఫాలో కూర్చుని గోడకేసి చూడ్డం మొదలెట్టారు. ఫోనులో అక్కయ్య గొంతు తగ్గించి, "ఒరేయ్, మీ బావ నాతో మాట్లాడ్డం లేదురా. అసలెవరితోనూ మాట్లాడ్డం లేదు" అనేది.

నాలుగో నెలలో ఫోనొచ్చింది. ఈసారి గొంతు తగ్గలేదు. "మీ బావ వీధుల్లో చెత్త ఏరుకొస్తున్నార్రా!"

సంగతేమిటంటే, పక్క వీధిలో ఒక ముసలాయన ఇల్లు ఖాళీ చేస్తూ, పాత వెదురు కంచె చుట్టలు ఏడు "ఉచితం" అని అట్టముక్క తగిలించి రోడ్డుపక్కన పెట్టాడట. బావగారు సాయంత్రం నడకకని వెళ్ళినవారు అవి మోసుకొచ్చారు. ఎందుకని అడిగితే, "టికీ గది కడతాను" అన్నారట. అక్కయ్యకి టికీ అంటే ఏమిటో తెలీదు. నాకూ తెలీదు. నిరుడు వేసవిలో ఆరువారాలు అక్కడున్నాను గనక ఇప్పుడు తెలుసు. మీకూ చెబుతాను.

మొదటి సెట్టింగు

అమెరికాలో మద్యనిషేధం 1933 డిసెంబరులో పోయింది. ఆ తర్వాత కొద్దికాలానికే హాలీవుడ్‌లో ఒక కుర్రాడు చిన్న బారు తెరిచాడు. పేరు ఎర్నెస్ట్ గాంట్. ఆ తర్వాత డాన్ బీచ్ అని తన పేరే మార్చేసుకున్నాడు. చిన్నతనాన పసిఫిక్ దీవులన్నీ తిరిగినవాడు. చేతిలో సొమ్ము తక్కువ. సముద్రం ఒడ్డుకి కొట్టిన కొయ్యలు, పాత వలలు, ఓడ సామాన్లు, దీవుల నుంచి తెచ్చుకున్న వస్తువులు – వాటితోనే గోడలు నింపేశాడు. 'డాన్ ది బీచ్‌కోంబర్' అని బోర్డు కట్టాడు. బీచ్‌కోంబర్ అంటే ఒడ్డున కొట్టుకొచ్చినవి ఏరుకు బతికేవాడని. చూశారా, పుట్టుకే ఏరుకొచ్చిన సామాన్లతో!

అవి దక్షిణ సముద్రాల సినిమాల రోజులు. 1932లో కింగ్ విడోర్ 'బర్డ్ ఆఫ్ ప్యారడైజ్' తీశాడు. 1937లో జాన్ ఫోర్డ్ 'ది హరికేన్' తీశాడు. స్టూడియోలకి కొబ్బరిచెట్లూ తడికెలూ కావాలి. డాన్ తన సామాన్లు సెట్లకి అద్దెకిచ్చాడు, సలహాలూ చెప్పాడు. సినిమాని చూసి జనం బారుకొచ్చారు, బారుని చూసి సినిమా సెట్లు వేశారు. ఏది ముందో ఏది వెనకో తెలియనంతగా కలిసిపోయాయన్నమాట.

ఆయనదే ఇంకో చమత్కారం చెబుతారు. కస్టమర్లు లేచి వెళ్ళబోయే వేళకి బారు రేకుల కప్పుమీద రబ్బరు గొట్టంతో నీళ్ళు కొట్టించేవాడట. "అయ్యో, వానొచ్చింది, ఇంకాసేపు కూర్చుందాం" అని మరో గ్లాసు చెప్పేవాళ్ళట! ఈ వాన సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనుంది.

ఇక ఓక్లండ్‌లో విక్టర్ బెర్జెరన్ అనే ఆయన 'ట్రేడర్ విక్స్' పెట్టి ఈ పోకడని ఊరూరా తిప్పాడు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పనిచేసిన సిపాయిలు కథలు మోసుకుని ఇళ్ళకి చేరారు. జేమ్స్ మిషెనర్ 1947లో ఆ దీవుల కథల పుస్తకం రాశాడు. దాని మీద 1949లో నాటకం, 1958లో 'సౌత్ పసిఫిక్' సినిమా వచ్చాయి. 1959లో హవాయి అమెరికాలో రాష్ట్రమయింది. 1961లో ఎల్విస్ 'బ్లూ హవాయి'లో గిటారు పట్టాడు. ఇంకేం! గుమాస్తా దగ్గర్నుంచి డాక్టరు దాకా ప్రతివాడూ ఇంటి నేలమాళిగలోనో గ్యారేజీలోనో ఒక చిన్న దీవి కట్టుకోవాలనుకున్నాడు.

ఎల్విస్ మాత్రం తక్కువ తిన్నాడా? మెంఫిస్‌లోని ఆయన ఇల్లు గ్రేస్‌లాండ్‌లో ఒక గదిని అడవి పద్ధతిలో అలంకరించుకున్నాడు. పేరే 'జంగిల్ రూమ్'. గోడకి జలపాతం, చెక్కిన కొయ్య కుర్చీలు, నేలమీద ఆకుపచ్చ బొచ్చు తివాసీ. నేలమీదే కాదు, పైకప్పుకి కూడా తివాసీయే! 1976లో ఆ గదిలోకే రికార్డింగు యంత్రాలు తెప్పించి పాటలు పాడాడు.

ఈతకొలనులో సముద్రం

"ఇదంతా నీకు నోటితో చెప్పేకంటే చూపిస్తానోయ్ బావమరిదీ" అని బావగారు నన్ను శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫెయిర్‌మాంట్ హోటలుకి తీసుకెళ్ళారు. అక్కడి 'టాంగా రూమ్' చూసి, సెట్ల చుట్టూ తిరిగే వృత్తి నాదైనా, నోరు తెరిచాను.

1929లో ఆ హోటల్లో ఈతకొలను కట్టారు. 1945లో ఎం.జి.ఎం. స్టూడియో సెట్ డైరెక్టరు మెల్ మెల్విన్‌ని పిలిచి, దాన్నో దక్షిణ సముద్రపు దీవిగా మార్చమన్నారు. ఆయన కొలను పూడ్చలేదు సుమండీ, దాన్నే మడుగు చేశాడు! చుట్టూ పాకలు వేశాడు. మడుగులో పైకప్పున్న పడవ తేలుతూంటుంది, అందులో వాద్యబృందం. ఉండుండి ఉరుము ఉరుముతుంది, మెరుపు మెరుస్తుంది, నీళ్ళ మీద వాన కురుస్తుంది. మనం మాత్రం తడవం! డాన్సు చేసే నేల ఎక్కడిదంటారు? ఎస్.ఎస్. ఫారెస్టర్ అనే పాత తెరచాప ఓడ అవశేషాలతో చేశారట. శాన్‌ఫ్రాన్సిస్కోకీ ఆ దీవులకీ మధ్య నిజంగా తిరిగిన ఓడ అది. చుట్టూ అంతా నకిలీ, కాళ్ళ కింద కలప మాత్రం నిఖార్సయినది.

బావగారు ఆ నేలని బూటుతో మెల్లిగా తట్టి, "చూశావా, ఓడ ముసలిదై మూలపడ్డా దాని పని అయిపోలేదు" అన్నారు. ఆయన ఏ ఓడ గురించి మాట్లాడుతున్నారో నాకు అర్థమయింది. మాట మార్చాను.

బావగారి చిట్టా

మీలో చేతిపని సరదా ఉన్నవాళ్ళ కోసం వివరం రాస్తున్నాను.

కలప: దుకాణాలకి సరుకు మోసుకొచ్చే చెక్క చట్రాలుంటాయి. ప్యాలెట్లంటారు. అడిగితే ఊరికే ఇస్తారు. అయితే వాటి మీద ముద్ర చూడాలి. 'హెచ్.టి.' అని ఉంటే వేడితో పురుగు చంపిన కలప, పరవాలేదు. 'ఎం.బి.' అని ఉంటే విషవాయువు పట్టించినది, ఇంట్లోకి తేవద్దు. బావగారు ఇలాంటివి నలభై పైచిలుకు విప్పి, మేకులు పీకి, గోడలకీ బల్లకీ వాడారు. పీకిన మేకులు కూడా సుత్తితో తిన్నగా చేసి డబ్బాలో దాచారు. "కాపీనం!" అని అక్కయ్య. "కాలక్షేపం!" అని బావగారు.

వెదురు: పాత కంచె వెదురు ఎండకి చీలి ఉంటుంది, పైగా పురుగు. బోరాక్సు, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టి నీడన ఆరబెట్టారు. చీలిన మొహం గోడవైపు తిప్పి, నున్నటి మొహం మనవైపు పెట్టారు. సినిమా సెట్టుకైనా ఇదే సూత్రం కదా, కెమెరాకి కనబడని వైపు ఎవడడిగాడు?

పాతదనం: ఇక్కడ నా పాండిత్యం అక్కరకొచ్చింది. కొత్త చీరకీ, కొత్త కాగితానికీ టీ డికాక్షన్ పట్టించి నూరేళ్ళ పాతవిగా చేయడం సెట్లమీద ఎన్నిసార్లు చూడలేదు! కొత్త చెక్కకి ముందు చిక్కటి టీ పూయించాను. అంట్లు తోమే ఇనుప పీచుని వెనిగర్‌లో రెండు రోజులు నానేసి ఆ నీళ్ళు పైన పూశాం. టీలోని పులిమా, వెనిగర్‌లో కరిగిన ఇనుమూ కలిసి కళ్ళముందే చెక్క నల్లబడింది. వానలో పదేళ్ళు నానిన రేవు కొయ్యలా తయారయింది. బావగారు నా భుజం తట్టారు.

దీపాలు: జపాను జాలర్ల వలల నుంచి తెగి, సముద్రం మీద తేలుతూ అమెరికా ఒడ్డుకి చేరే గాజు బుడ్లంటే టికీ గదులకి ప్రాణం. అసలువి ఖరీదు. ఇళ్ళు పడగొట్టిన సామాను అమ్మే చోటు ఒకటుంది, 'హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ' వాళ్ళ 'రీస్టోర్'. అక్కడ పాత స్నానాలగది గ్లోబులు డాలరుకొకటి తెచ్చారు. వాటికి పీచుతాడుతో వల అల్లింది నేనే. మా తాతగారు కొబ్బరికాయల వ్యాపారి. ఆయన చెంత నేర్చిన ముళ్ళు ఇన్నాళ్ళకి పనికొచ్చాయి. లోపల మాత్రం వేడెక్కని ఎల్.ఇ.డి. బల్బులే. తడికెలకి నిప్పంటుకోకుండా మందు కొట్టించారు. గది ఎంత ముద్దొచ్చినా ఇల్లు తగలబడకూడదు కదా!

పాట: మార్టిన్ డెన్నీ అనే ఆయన 1957లో 'ఎగ్జోటికా' అని రికార్డు తెచ్చాడు. హవాయిలో ఆయన బృందం వాయిస్తూంటే పక్క కొలనులో కప్పలు తాళం వేసేవట. బృందంలో వాళ్ళు సరదాకి పిట్టల కూతలు కలిపారు. అదే ఆ సంగీతానికి గుర్తయి కూచుంది. రికార్డులో వినబడే పిట్టలు మనుషులేనండీ బాబూ! మన మిమిక్రీ కళాకారులు వింటే మురిసిపోతారు.

వాన: పక్కింటి పాత షెడ్డు రేకులు నాలుగు. పైన చిల్లుల గొట్టం, కింద తొట్టి, చేపల తొట్టి మోటారు ఒకటి. బకెట్టున్నర నీళ్ళే పైకీ కిందికీ తిరుగుతూంటాయి. నీళ్ళ దగ్గర కరెంటు గనక, తేడా వస్తే క్షణంలో సరఫరా ఆపేసే రక్షణ ప్లగ్గు పెట్టించారు.

మొత్తం ఖర్చు రెండువందల పన్నెండు డాలర్లు. ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో బావగారు సోఫాలో గోడకేసి చూసింది లేదని అక్కయ్యే ఒప్పుకుంది.

నాలిక్కి తాళంచెవులు

ఇక క్లైమాక్సు.

ఒక గ్యారేజి అమ్మకంలో నాలుగు డాలర్లకి ఒక కొయ్య ముఖం దొరికింది. గుండ్రటి కళ్ళు, పెద్ద పళ్ళు, బయటికి చాచిన నాలిక. టికీ గదికి టికీ లేకపోతే ఎలా? గుమ్మం ఎదురుగా తగిలించాం. "బావా, ఆ నాలిక్కి ఓ కొక్కెం పెడితే తాళంచెవులకి బాగుంటుంది" అన్నాను. బావగారు పకపకా నవ్వి వెంటనే బిగించేశారు. ఉద్యోగం పోయాక ఆయన అలా నవ్వడం అదే మొదలట. నాకు గొప్పగా అనిపించింది.

శనివారం గృహప్రవేశం లాంటిది చేశాం. అక్కయ్యతో ఆస్పత్రిలో పనిచేసే ఒకావిడ వచ్చారు. హవాయి దీవుల ఆదివాసుల బిడ్డ, ఏభై ఏళ్ళుంటాయి. వెదురు మెచ్చుకున్నారు, దీపాలు మెచ్చుకున్నారు, పిట్ట కూతలకి నవ్వారు. ఇంతలో వెనక్కి తిరిగి ఆ ముఖాన్ని చూశారు. మాట ఆగిపోయింది. ఒక్కమాటా అనలేదు. మెల్లిగా వెళ్ళి, నాలిక మీది తాళంచెవులు తీసి, చప్పుడు కాకుండా బల్లమీద పెట్టారు. మళ్ళీ వచ్చి కూర్చుని మాటల్లో పడ్డారు.

ఆ రాత్రి అక్కయ్య నన్నూ బావగారినీ కూర్చోబెట్టింది.

"మన ఊరి అమ్మవారి గుళ్ళోకి ఎవడో వచ్చి, అమ్మవారి నాలిక్కి సైకిలు తాళం తగిలిస్తే ఊరుకుంటారా మీరు?"

"అది అమ్మవారేంటే? ఫ్యాక్టరీలో చేసిన నాలుగు డాలర్ల బొమ్మ!" అన్నారు బావగారు.

"తాళాలు తీసేటప్పుడు ఆవిడ చెయ్యి చూశారా మీరు?"

ఇద్దరం నోరు మూసుకున్నాం. చూశాం గనక.

మర్నాడు చదివాను. చదవాల్సింది ముందే! మావోరీల కథల్లో టికీ అంటే మొట్టమొదటి మనిషి. ఆ దీవుల్లో మనిషి రూపంలో చెక్కిన కొయ్య, రాతి విగ్రహాలకి అదే పేరయింది. దేవతలకీ పూర్వీకులకీ అవి ప్రతిరూపాలు. వాటిని గ్లాసులుగా, సీసామూత తీసే పరికరాలుగా అమ్ముకోవడం ఏం మర్యాదని ఆ దీవులవాళ్ళు ఇప్పుడు గట్టిగానే అడుగుతున్నారు. అడగరూ మరి! పడేసిన వెదురు ఏరుకోవచ్చు, పడేసిన రేకు ఏరుకోవచ్చు. ఆ ముఖాన్ని వాళ్ళెవరూ పడెయ్యలేదు.

బావగారు ముఖాన్ని కిందికి దించారు. చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. అక్కయ్య చేత ఆవిడకే ఫోను చేయించి, క్షమాపణ చెప్పి, ఏం చెయ్యమంటారని అడిగారు. "అది దేవుడేమీ కాదు, బొమ్మే. కానీ మా వాళ్ళని చూసి చేసిన బొమ్మ. కొక్కెం తీసి గుడ్డలో చుట్టి లోపల పెట్టండి, చాలు" అన్నారావిడ.

ఖాళీ గోడ

గుమ్మం ఎదురుగా గోడ బోసిపోయింది. నాలుగు రోజులు అలాగే ఉంది. అప్పుడు ఇన్నాళ్ళూ ఆ గదిలోకి తొంగిచూడ్డమే తప్ప వేలు పెట్టని మా అక్కయ్య రంగంలోకి దిగింది. కూరల దుకాణంవాళ్ళిచ్చే గోధుమరంగు కాగితం సంచులు చించి, తడిపి, నలిపి, మళ్ళీ సాపుచేసి గోడకి అంటించింది. అచ్చం ఆ దీవుల్లో చెట్టు బెరడుతో చేసే గుడ్డలా కనబడింది. దాని మీద తెల్లరంగుతో మెలికల ముగ్గు వేసింది. ధనుర్మాసంలో మా అమ్మ వేసే ముగ్గు! తర్వాత వంటింట్లోకి వెళ్ళి కత్తిపీట తెచ్చి ముగ్గు కింద పెట్టింది. కొసన పళ్ళున్న కొబ్బరికోరుతో సహా, అమ్మ కాపురానికొచ్చినప్పటి కత్తిపీట. పెట్టెలో చీరల మధ్య దాచి అమెరికా చేర్చింది.

మళ్ళీ వారం ఆ హవాయి ఆవిడ వచ్చారు. గుమ్మంలో ఆగి ముగ్గు చూశారు. తర్వాత కత్తిపీట చూశారు. చూసి చిన్నపిల్లలా కిందికి వంగి ఆ కోరు పళ్ళని వేలితో తడిమారు. "మా అమ్మమ్మ దగ్గర ఇలాంటిదే ఉండేది! పీటమీద కూర్చుని కోరేది" అన్నారు. అక్కయ్య కొబ్బరికాయ కొట్టి చిప్ప చేతికిచ్చింది. ఆవిడ కూర్చునే పద్ధతి వేరు, మా అక్కయ్య కూర్చునే పద్ధతి వేరు. కోరు చప్పుడు మాత్రం ఒకటే.

బావగారు వెళ్ళి వాన స్విచ్చి వేశారు. రేకులమీద టపటప మొదలయింది. అక్కయ్య కోరుతున్నదల్లా ఆగి, నావైపు చూసి, "ఒరేయ్, తాతగారి కొబ్బరికాయల షెడ్డు గుర్తుందా?" అంది. గుర్తులేకేం! కోనసీమ ముసురులో ఆ రేకుల కింద కూర్చుని వేయించిన సెనగలు తిన్నవాళ్ళం మేమిద్దరం. డాన్ అనే ఆయన కస్టమర్లని కదలనివ్వకుండా కురిపించిన వాన, మమ్మల్ని గూడా అక్కడ్నుంచి కదలనివ్వలేదు.

బావగారికి ఈమధ్యే ఉద్యోగం దొరికింది. జీతం మునుపటికంటే తక్కువ. అయినా సాయంత్రం ఇంటికొచ్చి గంటసేపు వాన కింద కూర్చుంటారట. పక్కన అక్కయ్య. కారు ఇంకా బయటే ఉంది!

అన్నట్టు, మీ ఇళ్ళల్లో అటకలమీద ఏమేం పడున్నాయో ఓసారి ఎక్కి చూడండి. వచ్చేవారం మళ్ళీ తారల కబుర్లతో కలుస్తాను. ఉంటాను మరి!